పేరు నూజివీడుది, గల్లాపెట్టె ఎవరిది?

వేసవి వస్తే తెలుగునాట ప్రతి పండ్ల దుకాణం ముందూ ‘నూజివీడు రసాలు’ అన్న అట్టముక్క వేలాడుతుంది. ఆ పేరు మీద ఊరూరా బేరాలు సాగుతాయి. ఆ పేరు పుట్టిన ఊరి బజారుకు అందులో ముట్టేదెంత? మామిడి సీజన్లో నూజివీడు చుట్టూ తిరిగి వచ్చాక రాస్తున్న కథనం ఇది.

మే నెల మూడో వారం. తెల్లవారుజామున అయిదు గంటలకు నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే రోడ్డు మీద బండి ఆపాను. ముందుగా ముక్కుకు తగిలింది సొన వాసన. కోసిన కాయ తొడిమ దగ్గర కారే ఆ జిగురు ఘాటును ఒకసారి పీల్చినవాళ్లు మర్చిపోలేరు. రేకుల షెడ్డులో బల్బు వెలుగులో నలుగురు ఆడవాళ్లు పట్టా పరుచుకుని కూర్చుని కాయలు ఏరుతున్నారు. కాయను చేతిలోకి తీసుకోవడం, బొటనవేలితో తొడిమ చుట్టూ తడమడం, మంగు మచ్చ కనపడితే ఎడమ పక్కకు, నున్నగా ఉంటే కుడి పక్కకు వేయడం. రెప్పపాటులో అయిపోతోంది. వాళ్ల వేళ్ల సందుల్లో చర్మం నల్లగా కమిలి ఉంది. సొన తగిలితే అంతే. “రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుంటాం బాబూ. పొద్దున్నే మళ్లీ మామూలే” అందొకామె, చేతులు ఆపకుండానే.

బయట లారీకి ట్రేలు ఎక్కిస్తున్నారు. ఎక్కడికని అడిగితే, బంగినపల్లి నున్న మార్కెట్టుకని, రసాలు హైదరాబాదుకని డ్రైవరు చెప్పాడు. మరి నూజివీడు ఊళ్లోకో? “ఊళ్లో ఎవరు కొంటారండీ? ఉంటే తోటలుంటాయి, లేకపోతే తోటలున్న చుట్టాలుంటారు” అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఆ నిజంలోనే ఊరి కష్టమూ ఉంది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, అటు రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం, తిరువూరు... ఎర్రనేలల మెట్టలో పరుచుకున్న ఈ తోటలన్నిటికీ బయటి ప్రపంచం పెట్టుకున్న పేరు ఒక్కటే, నూజివీడు. కాయ మాత్రం ఎక్కువ భాగం ఊరి పొలిమేర తొక్కకుండానే వెళ్లిపోతుంది. విజయవాడ శివారు నున్న మార్కెట్లో బంగినపల్లికి ధర పలుకుతుంది. అక్కణ్నుంచి ఢిల్లీ చేరాక దాని పేరే మారిపోయి ‘సఫేదా’ అవుతుంది. రసం అంత దూరం పోదు. పీచుతో, రసంతో నిండిన ఆ పండును నోటితో జుర్రుకోవడం తెలిసింది మనకే కాబట్టి, దాని బేరమంతా దాదాపుగా తెలుగు ఊళ్లలోనే. హైదరాబాదులో డజన్ల లెక్కన అమ్ముడుపోయే ఆ రసం తోటలో టన్నుల లెక్కన తూగిన సరుకు.

రైలు కూడా పేరే తీసుకుంది

ఊరి పేరు వాడుకుని ఊరికి రాకపోవడం మామిడితో మొదలు కాలేదు. 1890లలో మద్రాసు – కలకత్తా రైలు మార్గం ఈ ప్రాంతం మీదుగా పడింది. నూజివీడు పేరుతో స్టేషనూ కట్టారు. ఆ స్టేషను ఉన్నది హనుమాన్ జంక్షన్ దగ్గర, ఊరికి చాలా దూరాన. ఈనాటికీ నూజివీడు స్టేషనులో దిగి నూజివీడు ఏదని అడిగినవాళ్లకు బస్సు చూపించాల్సిందే. కోల్‌కతా – చెన్నై జాతీయ రహదారి కూడా అదే హనుమాన్ జంక్షన్ మీదుగా సాగిపోతుంది.

సినిమాదీ అదే దారి. నూజివీడు మేకా వారి జమీందారీకి ముఖ్యపట్టణం. ఆ కుటుంబ శాఖల్లో ఒకదానికి చెందిన మీర్జాపురం రాజా మద్రాసులో శోభనాచల స్టూడియో నడిపారు. అక్కినేని గుర్రమెక్కిన ‘కీలుగుర్రం’ ఆయన తీసిందే. ఆయన భార్య, నటి సి. కృష్ణవేణి నిర్మించిన ‘మనదేశం’తోనే ఎన్.టి.రామారావు తెరకెక్కారు. రెండూ 1949లో వచ్చాయి. అంటే తెలుగు సినిమా తొలి కట్టడానికి ఈ మెట్ట పొలాల శిస్తూ ఒక రాయి వేసింది. విత్తనాల కంపెనీదీ అంతే. 1973లో ఇక్కడ మొదలైన నూజివీడు సీడ్స్ పత్తి విత్తనాల్లో దేశంలోనే పెద్ద పేరయింది. ఆ సంచి మీద ఊరి పేరు దేశమంతటా పత్తి చేలకు చేరింది. కంపెనీ పెద్ద కార్యాలయం మాత్రం హైదరాబాదుకు చేరింది.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. సినిమాకు ఆనాడు మద్రాసే కావాలి, పెద్ద వ్యాపారానికి రాజధాని కావాలి. కానీ మామిడి సంగతి అలాంటిది కాదు. చెట్టు ఇక్కడ ఉంది, కోసే చెయ్యి ఇక్కడ ఉంది, మామిడి పరిశోధనా స్థానం ఇక్కడే ఉంది. ఇన్నీ ఉండి కూడా గల్లాపెట్టె పక్క ఊళ్లో ఎందుకుందో అడగాలి.

కాయకూ పండుకూ మధ్య నాలుగు రోజులు

జవాబు నాకు ఒక ముసలి రైతు ఇంటి సావిట్లో దొరికింది. గది మూలన వరిగడ్డి పరిచి, ఒక వరస చిన్నరసాలు, మళ్లీ గడ్డి, మళ్లీ కాయలు. పైన గోనెపట్టా కప్పి ఉంది. పట్టా ఎత్తగానే గదంతా తియ్యటి వాసన గుప్పుమంది. ఆయన ఒక్కో పండునూ నొక్కలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు, ముక్కు దగ్గరకు మాత్రం తెచ్చి రెండు పక్కన పెట్టాడు. “ఇవి ఇవాళ. అవి ఎల్లుండి.” తోలు కాస్త ముడతలు పడింది నా చేతికిచ్చాడు. “చూడ్డానికి బాగుండదు గానీ తినండి” అన్నాడు. నిజంగానే ఆ రెండు పండ్ల తీపి నగరంలో నున్నగా మెరిసే ఏ పండులోనూ నాకు దొరకలేదు.

ఆ పండ్లు ఆయన ఇంటివాళ్ల కోసం, చుట్టాల కోసం. అమ్మేది మాత్రం పచ్చికాయే. చాలామంది రైతులు అంతకన్నా ముందే, పూత మీదో పిందె మీదో తోటను గుత్తకు ఇచ్చేస్తారు. పురుగు మందులకూ, దున్నకానికీ చేతిలో డబ్బుండదు. వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. తేనెమంచు పురుగు పట్టినా, ఏప్రిల్ గాలివాన వచ్చి కాయ రాలినా ఆ నష్టం ఎవరిదన్న దగ్గర ఏటా తగువే. సొంతంగా కోయించుకుని మార్కెట్టుకు తోలుకెళితే కమీషను, హమాలీ, తరుగు. తరుగంటే బయటివాళ్లకు తెలియదు. తూకం వేసిన బరువులో, కాయ పాడవుతుందన్న పేరుతో ముందే కొంత కోసేస్తారు. కాయ పాడవలేదని తర్వాత తేలినా ఆ కోసింది వెనక్కి రాదు.

రైతు అమ్మేది కాయ. మనం కొనేది పండు. కాయ పండుగా మారేది నాలుగైదు రోజుల్లో. మామిడి లెక్కలో విలువంతా పెరిగేది ఆ నాలుగైదు రోజుల్లోనే. ఆ రోజులు నూజివీడులో గడవడం లేదు. గాలి బయటకు పోని చల్లటి గదిలో, తగినంత తేమ ఉంచి, ఎథిలీన్ వాయువు పంపితే కాయ సహజంగా మగ్గినట్టే మగ్గుతుంది. చెట్టు నుంచి వేరైన కాయ తనంతట తాను విడుదల చేసుకునేదీ ఈ వాయువే. 100 పీపీఎం వరకు ఎథిలీన్ వాడకానికి ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకుంటాయి. కార్బైడును మాత్రం నిషేధించాయి, ఎందుకంటే అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లుంటాయి. అయినా పొట్లాలు దొంగచాటుగా పెడుతూనే ఉన్నారు. పైన పసుపుపచ్చగా, టెంక దగ్గర పుల్లగా ఉండే ఆ పండు తిని జనం “నూజివీడు రసం ఇదివరకటిలా లేదండీ” అంటారు. చేసింది ఎక్కడో, మాట పడేది ఈ ఊరు.

ఎగుమతికి కొంత ఏర్పాటు జరిగింది. నూజివీడులో ప్యాక్‌హౌస్ ఉంది. పండు ఈగను చంపడానికి కాయకు వేడి శుద్ధి చేసే యంత్రాలున్నాయి. 2014 మేలో ఐరోపా దేశాలు ఇదే ఈగ దొరికిందని మన మామిడిని ఆపేసి, 2015 జనవరిలో గానీ మళ్లీ గేట్లు తెరవలేదు. అప్పట్నుంచి శుద్ధి చెయ్యని కాయకు అక్కడ చోటు లేదు. ఇదంతా అవసరమే. కానీ విదేశం పోయేది వేళ్ల మీద లెక్కపెట్టే సరుకు, అదీ ఎక్కువగా బంగినపల్లి. ఊరికి పేరు తెచ్చిన చిన్నరసం విమానం ఎక్కదు. దానికి కావలసింది విదేశం కాదు, ఊళ్లోనే ఒక మగ్గబెట్టే గది.

2014 వేసవి

ఊరు పెరగడమంటే ఏమిటో నూజివీడుకు ఒకసారి చాలా గట్టిగా తప్పుగా చెప్పారు. రాష్ట్రం విడిపోయిన 2014లో, కొత్త రాజధాని నూజివీడు దగ్గరేనన్న ప్రచారం ఊపందుకుంది. ప్రభుత్వ భూమి, అటవీ భూమి దండిగా ఉన్నాయి, గన్నవరం విమానాశ్రయం దగ్గర, ఇంకేం కావాలన్నారు. ఎకరం ధరలు రోజుకో మాటగా మారాయి. కాపు కాస్తున్న చెట్ల మధ్య తెల్లటి రాళ్లు పాతారు. సెప్టెంబరు 4న అసెంబ్లీలో ప్రకటన వచ్చింది. రాజధాని విజయవాడ పరిసరాల్లో అన్నారు. ఆ తర్వాత అది కృష్ణకు అవతలి ఒడ్డున అమరావతి అయింది. ఇక్కడ అప్పు చేసి కొన్నవాళ్లు కొన్నట్టే మిగిలిపోయారు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ డబ్బు కాదు. పది మీటర్ల ఎడంతో నాటిన పాత తోటలో ఎకరానికి 40 చెట్లుంటాయి. అంటు పెట్టి, నీళ్లు పోసి, అయిదారేళ్లు ఎదురు చూస్తే గానీ కాపు రాదు. ఆ తర్వాత రెండు తరాలు కాస్తుంది. దాన్ని పొక్లెయిన్ ఒక పూటలో పెకలిస్తుంది. ప్లాట్లు వేసిన చోట చాలా వరకు ఇళ్లూ రాలేదు, చెట్లూ లేవు, సర్కారు తుమ్మ మొలిచింది. ఆ మధ్య కాపు సరిగ్గా రాక, నల్ల తామర పురుగు దెబ్బకు విసిగిపోయి, మామిడి కొట్టేసి ఆయిల్‌పామ్ వేసిన రైతులూ ఉన్నారు. వాళ్లను ఏమనగలం? గెలకు నెలనెలా డబ్బు వస్తుంది, కొనే ఫ్యాక్టరీ ఎక్కడో ముందే తెలుసు. మామిడికి ఆ రెండూ లేవు. అమరావతి చుట్టూ అవుటర్ రింగు రోడ్డు మాట మళ్లీ వినపడుతున్న ఈ రోజుల్లో, 2014 వేసవి సంగతి ఊరివాళ్లు ఒకరికొకరు గుర్తుచేసుకోవాలి.

గాంధీబొమ్మల మధ్య

సాయంత్రం ఊళ్లో నడిచాను. ఊరి గుండెకాయ చిన్న గాంధీబొమ్మ సెంటరు, పెద్ద గాంధీబొమ్మ సెంటరు. ఇంత ఇరుకులో ఇన్ని రకాల కొట్లు ఎలా బతుకుతున్నాయా అనిపిస్తుంది. బట్టల కొట్టు, బంగారం కొట్టు, ఎరువుల కొట్టు, డ్రిప్పు పైపుల కొట్టు. ఫుట్‌పాత్ అన్న మాటే లేదు. స్కూలు పిల్లలు, ట్రాక్టర్లు, బస్సులు అన్నీ ఒకే దారిలో. కూల్‌డ్రింకుల కొట్లో మామిడి రసం సీసా అడిగితే ఎక్కడో తయారైంది ఇచ్చారు. తాండ్ర అడిగితే గోదావరి జిల్లాల నుంచి వచ్చిన చాపముక్క చూపించారు. మామిడి రాజధానిలో నడిచిన గంటసేపట్లో మామిడి అన్న అక్షరాలు నాకు ఒకే ఒక చోట కనపడ్డాయి, తోపుడు బండి మీద.

వీణల సంగతీ చెప్పాలి. పనస దుంగను తొలిచి వీణ చేసే పని ఈ ఊళ్లో తరతరాలుగా ముస్లిం కళాకారుల ఇళ్లలో సాగుతోంది. నూజివీడు వీణంటే సంగీతం తెలిసినవాళ్లకు గౌరవం. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందరికీ తెలుస్తుంది. నూజివీడు వీణను చూడాలంటే సందులో తలుపు తట్టి అడగాలి. ఊళ్లోకి వచ్చిన మనిషి ఆగి చూసేందుకు సెంటర్లో ఒక అద్దాల గది, అందులో ఒక వీణ, పక్కన ఉలి పట్టుకున్న మనిషి. అంత పెద్ద ఖర్చేమీ కాదిది.

2011 జనాభా లెక్కల్లో నూజివీడు పట్టణంలో దాదాపు 58 వేల మంది. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో పల్లెల నుంచి వచ్చిన పిల్లలు వేల మంది ఆరేళ్లపాటు ఉండి చదువుతారు. ఆ పిల్లలు ఊళ్లోకి వస్తే కూర్చోవడానికి చోటు లేదు, చూడడానికి ఏమీ లేదు. సామాను కొనుక్కుని క్యాంపస్‌కు తిరిగి వెళ్లిపోతారు. సెలవులొస్తే విజయవాడ బస్సెక్కుతారు. తోటల్లో పురుగును ఫోన్ కెమెరాతో గుర్తుపట్టే పనో, తూకం మోసాన్ని పట్టే పనో చెయ్యగలిగిన బుర్రలు ఊరి పక్కనే ఉన్నాయి. పరిశోధనా స్థానం, ట్రిపుల్ ఐటీ, రైతు, ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడం నెలకోసారన్నా జరగాలి.

ఇక పాలన. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం, తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. గట్టుకు ఇటు ఒక కలెక్టరు, అటు ఒక కలెక్టరు. పురుగుకు ఆ సరిహద్దు తెలియదు, ధర పడిపోతే ఇద్దరు రైతులకూ ఒకేసారి పడిపోతుంది. మామిడి వరకైనా ఈ రెండు జిల్లాలకూ కలిపి ఒకే ప్రణాళిక ఉండాలి.

యార్డు ఊరిని నిలబెడుతుంది

గుంటూరు చుట్టూ పండే మిర్చికి ఆ పేరు నిలిచింది యార్డు వల్ల. దుగ్గిరాలను పసుపు యార్డు నిలబెట్టింది, అనకాపల్లిని బెల్లం మార్కెట్టు నిలబెట్టింది. యార్డంటే రేకుల షెడ్డు ఒక్కటే కాదు. దాని పక్కన బ్యాంకు వస్తుంది, హోటలు వస్తుంది, లారీ ఆఫీసు వస్తుంది, గోదాము వస్తుంది, హమాలీ పిల్లల కోసం బడి వస్తుంది. రైతు డబ్బు అందుకున్న ఊళ్లోనే చీర కొంటాడు. నూజివీడు బట్టల కొట్టువాళ్లు మామిడి యార్డు తమ సమస్య కాదనుకుంటే పొరపాటు.

దూరదేశం ముచ్చట ఒకటి. అమెరికా దక్షిణాన గ్రీన్‌విల్ అన్న పట్టణముంది. బట్టల మిల్లులు మూతపడి నడిబజారు వెలవెలబోతే, 1970ల చివర్లో ఆ ఊరివాళ్లు మెయిన్ స్ట్రీట్‌లో నాలుగు వరసల రోడ్డును రెండు వరసలకు తగ్గించి, మిగిలిన చోట చెట్లు నాటారు, నడిచేవాళ్లకు దారి విడిచారు. ఊరి మధ్యలో జలపాతాన్ని కప్పేసిన వంతెన ఉంటే దాన్నే తీసేసి, 2004లో అక్కడ పార్కు తెరిచారు. బయట నుంచి ఏదో తెచ్చి పెట్టడానికి ముందు, తమకున్నదాని మీద కప్పు తీశారు. నూజివీడులో తియ్యాల్సిన కప్పు మామిడి మీద ఉంది.

ఏమి చెయ్యాలో తోటల్లో అందరూ చెబుతున్నారు. హనుమాన్ జంక్షన్ రోడ్డు పక్కన, లారీ ఊళ్లోకి రానక్కరలేకుండా, ప్రభుత్వ అజమాయిషీలో ఒక పెద్ద మామిడి యార్డు. ఎలక్ట్రానిక్ కాటా, తరుగు రద్దు, సాయంత్రానికల్లా ఖాతాలో డబ్బు. అందులోనే రైతు సంఘాల చేతిలో మగ్గబెట్టే గదులు. మచ్చ పడిందని ఎడమ పక్కకు వేసిన కాయ వృథా పోకుండా తాండ్రకూ, గుజ్జుకూ, ఒరుగులకూ మహిళా సంఘాల షెడ్లు. గుజ్జు ఫ్యాక్టరీలు పేరుకుపోయిన చిత్తూరు జిల్లాలో 2025లో తోతాపురి ధర కుప్పకూలింది. కిలోకు 12 రూపాయలు దక్కించడానికి అందులో 4 రూపాయలు ప్రభుత్వమే భరించాల్సి వచ్చింది. కాబట్టి ఫ్యాక్టరీ ఒక్కటే వస్తే చాలదు. పది దారులుండాలి, రైతుకు ఎంచుకునే వీలుండాలి.

ఊళ్లో మాత్రం గాంధీబొమ్మల మధ్య దారిని సీజన్లో సాయంత్రం పూట బండ్లకు మూసి, నడిచేవాళ్లకు వదలాలి. రెండు వరసల బల్లలు వేసి చిన్నరసం, పెద్దరసం, చెరకు రసం, సువర్ణరేఖ, పంచదార కలిశ, ఏ తోటదో ఆ తోట పేరు రాసి పెట్టాలి. మునిసిపాలిటీకి ఇందుకు కావలసింది కోట్లు కాదు, మూడు నెలల పట్టుదల.

చివరగా హైదరాబాదులో, విజయవాడలో ఉన్న మీకు ఒక మాట. ఈసారి దుకాణంలో ‘నూజివీడు రసాలు’ అన్న అట్ట కనపడితే, ఏ ఊరి తోటదో, ఎక్కడ మగ్గిందో అడగండి. వీలైతే జూన్ మొదటి వారంలో మీరే రండి. విజయవాడ నుంచి ఆగిరిపల్లి మీదుగా గంటా, గంటంబావు ప్రయాణం. చిన్న గాంధీబొమ్మ దగ్గర దిగి, రైతు చేతి నుంచే బుట్ట కొనుక్కుని, అతని చేతికే డబ్బు ఇచ్చి వెళ్లండి.